తోడు చుక్క

తెల్లవారుజాము నాలుగింటికి సిరొంచ దవాఖానలో
ఐసు పలకల్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాను.
లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వినబడాలి,
అప్పుడే పెట్టెలో సర్దాలి.
గడ్డకట్టే చలి కూడా మందును చంపుతుంది.
ఇది పుస్తకంలో ఉంది.
వాగు సంగతి పుస్తకంలో లేదు.

ఆరో వారానికొకటి, పదికి, పద్నాలుగుకి.
మూడు సూదులు,
మూడుసార్లు దాటాల్సిన ఒకే వాగు.
తలాండి మైనా కొడుకు పేరు పక్కన
మొదటి గడిలో తేదీ ఉంది.
రెండో గడిలో నా చేతిరాతే: తునికాకు.
ఆ నెల ఊరు ఊరంతా కల్లంలోనే,
కట్టకు డెబ్బై ఆకులు లెక్కపెడుతూ
తల్లులు, వాళ్ళ నడుములకు పిల్లలు.
మూడో గడిలో: వరద.

దగ్గు ఏ గడీ చూసుకోలేదు.
నడిచి వచ్చింది.

కోరింత దగ్గు మీరు విన్నారా?
దగ్గి, దగ్గి, దగ్గి
ఊపిరి అడుగంటాక
లోపలికి లాగే ఒక్క కూత.
మరీ పసివాళ్ళకు ఆ కూత కూడా రాదు.
నీలంగా మారి ఊరుకుంటారు.
ఆ ఊరుకోవడానికే నేను నిద్రపోలేదు
పదకొండు రాత్రులు, వాణ్ని భుజాన వేసుకుని.
బతికాడు.
పక్క మంచం సంగతి రాయను.

మొన్న గడ్చిరోలి ట్రైనింగులో
పుణె నుంచి వచ్చిన ఒకమ్మాయి
తెర మీద గుండ్రటి చుక్కలు చూపించింది.
పుప్పొడి కన్నా సన్నం.
కాన్పు కుట్లకు వాడే కరిగే దారముంది చూశారా,
ఆ జాతి సరుకే అంది.
నా రెండో కాన్పు గుర్తొచ్చింది,
ఎవరూ విప్పకుండానే
ఎటో వెళ్ళిపోయిన దారం.
ఆ గింజల్లో మందు దాస్తారట.
ఒకటి ఈ వారం విచ్చుకుంటే
ఇంకొకటి వచ్చే నెల, మరొకటి ఆపై నెల,
ఒంట్లోనే వంతుల వారీగా.
సూది మాత్రం ఒక్కటే.

మరి గింజ ఏమవుతుంది, అడిగాను.
చివరికి పులుపవుతుంది, అంది,
పెరుగులో ఉండే పులుపే,
గుట్ట ఎక్కితే మీ పిక్కల్లో పుట్టేదే.
నా పిక్కలకు ఆ మాట వెంటనే అర్థమైంది.

వెనక బెంచీ నుంచి అసరెల్లి సిస్టర్:
"ఎవరికేసిన్రు?"
"ఇప్పటికి ఎలుకలకే."
"ఎలుకలకేంది, వాగు దాటే పని లేదు!"
అందరం నవ్వాం.
ఆ అమ్మాయి కూడా నవ్వింది,
కాస్త ఆలస్యంగా.

ఇవాళ వాగు మోకాలి లోతే.
చెప్పులు చేతిలో, పెట్టె నెత్తిన.
మైనా కొడుక్కి రెండో సూది వేశాను.
ఇంటి కప్పు లేచిపోయేలా ఏడ్చాడు.
ఎంత నిండు ఊపిరి!
దూది నొక్కి పట్టుకుని
అవసరం కన్నా ఎక్కువసేపు విన్నాను.

నానమ్మ జానోకి గింజల కథ చెబితే
తొడ చరిచి అడిగింది:
"కరిగిపోతే ఇంక ఒంట్ల ఏం మిగుల్తది, సూదక్కా?"

పాలలో తోడు వేసిన చుక్క
అని నోటి దాకా వచ్చి ఆగింది.
ఆ ఇంట్లో ఆవును పితకరు,
పాలు దూడవి.
మూలనున్న అంబలి కుండ చూపించాను.
నిన్నటి అంబలి నిన్ననే తాగేశారు కదా,
ఇవాళ పోసిన జావకు
పులవడం ఎవరు నేర్పారు?

జానో లేచి వెళ్ళి
కుండలోకి చాలాసేపు తొంగి చూసింది.
"అయితే కుండ కడగొద్దంటవ్," అంది.

రెండో గడిలో తునికాకు కొట్టేసి తేదీ వేశాను.
మూడోదానికి ఇంకా నెల.
తిరిగి వస్తుంటే వెనక గుట్టల మీద మబ్బు.
పెట్టెలో ఐసు పూర్తిగా నీళ్ళై
అడుగడుక్కీ చప్పుడు చేస్తోంది.